అర మిల్లీమీటరు ఖాళీ

అర మిల్లీమీటరు వెడల్పున్న ఒక ఖాళీని భర్తీ చేయడానికి పోయిన ఏడాది మా ఊళ్లో పద్నాలుగు వేల రెండు వందల మంది దరఖాస్తు చేసుకున్నారు. ఆ ఖాళీని తయారుచేసింది నేనే. నా చేత్తో, సానరాయి మీద అరగదీసి తయారుచేశాను. అందుకని ఈ సంగతి చెప్పే హక్కు అందరికంటే నాకే ఎక్కువ ఉందనుకుంటున్నాను.

నా పేరు చక్కా రాఘవులు. పాత బస్టాండు వెనక ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్టు. డబ్బా టీవీలు నడిచినన్నాళ్లూ వాటి విడిభాగాలు అమ్మాను. ఆ టీవీల్లో గాజుబుర్రకు వేల వోల్టులు అందించే నల్లటి దిమ్మె ఒకటి ఉండేది. తెరమీద గీత గీయడం అయిపోయి మళ్లీ మొదటికి ఎగిరి వచ్చే ఆ కాస్త వ్యవధిలో వోల్టేజి పుట్టించేది కాబట్టి దానికి ఫ్లైబ్యాక్ అని పేరు. వానాకాలంలో అది టప్పుమని పోయేది. నాకు బేరం తగిలేది. తరవాత గోడకు అతుక్కునే టీవీలు వచ్చాయి. వాటిలో ఆ దిమ్మె లేదు. పాత సరుకుతో పాటు కొట్లో కూర్చుని ముసలివాణ్నవడం నాకిష్టం లేదు. వేల వోల్టులు ఇంకెవరికి కావాలా అని ఊరంతా తిరిగి చూశాను.

కావలసినవాళ్లు మిర్చి షెడ్డులో దొరికారు.

మా ఊరి చివర వ్యవసాయోత్పత్తుల శుద్ధి మండలి వారి షెడ్డు ఉంది. అందులో అరవై రెండు మంది ఆడవాళ్లు వరసగా కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తారు. అక్కడ గాలికి రంగు ఉంటుంది. కొత్తవాళ్లు గుమ్మంలోనే తుమ్ముతారు. పాతవాళ్లు తుమ్మరు, దగ్గుతారు. ఆ ముఠాకు మేస్త్రి వెంకాయమ్మ. ఇరవై నాలుగేళ్లుగా అదే షెడ్డు, అదే మూల. ఈ పని మానకపోతే ఊపిరితిత్తులు పని మానేస్తాయని పెద్దాసుపత్రి డాక్టరు ఆమెకు చెప్పాడు.

"మానేసి ఏం జెయ్యాలంటయ్యా అని అడిగా," అంది నాతో. "విశ్రాంతి తీసుకోమన్నాడు. అదెక్కడ ఇస్తారో కూడా రాసియ్యమన్నా. రాయలేదు."

నేను బీరువా సైజు రేకు డబ్బా ఒకటి చేయించాను. ఒక పక్క ఫ్యాను షెడ్డులో గాలిని లోపలికి లాగుతుంది. లోపల సన్నటి తీగలు, వాటి మీద ఎనిమిది వేల వోల్టులు. వాటి పక్కగా పోయే ప్రతి దుమ్ముకణానికీ కరెంటు అంటుకుంటుంది. అంటుకున్న కణం వెనకనున్న రేకులకు పోయి అతుక్కుంటుంది. శుభ్రమైన గాలి అవతలి పక్క నుంచి బయటికి వస్తుంది. ఆ ఎనిమిది వేల వోల్టులు పుట్టించడానికి పాత ఫ్లైబ్యాక్ పద్ధతిలోనే కొత్త దిమ్మె నేనే చుట్టాను.

వారం రోజులు ఊరికే నడిపి చూపించాను. ఎనిమిదో రోజు వెంకాయమ్మ కొట్టుకు వచ్చింది.

"శెట్టిగారూ, నిన్న మధ్యానం అన్నం తింటా ఒక్కసారి గూడా దగ్గలేదు. కూరలో ఉప్పు ఎక్కువేస్తన్నానంట. ఇన్నేళ్లూ నాకు తెలవనే లేదు. మా ఆయన తెలిసీ చెప్పలేదంట, సచ్చినోడు."

నా జీవితంలో నా సరుకుకు అంతకంటే మంచి సర్టిఫికెట్ రాలేదు. కానీ మండలికి ఆ సర్టిఫికెట్ సరిపోదు. మండలి షెడ్డులో శాశ్వతంగా ఏ యంత్రం నడవాలన్నా మండలి ధ్రువపత్రం ఉండాలి. దానికో దరఖాస్తు ఉంటుంది.

నేను వ్యాపారిని. దరఖాస్తు అంటే భయపడను. కానీ ఆ పదిహేను రోజులూ మండలిలో తెలుగు వాడక పక్షోత్సవం నడుస్తోంది. ఇంగ్లీషు మాట కనిపిస్తే దరఖాస్తు తిప్పి పంపేవారు. పదిహేడో అంశం: "యంత్రమందలి భాగములు, సంఖ్యతో సహా." నా దిమ్మెలో, తీగ చుట్ల మధ్య, కరెంటు పారితే అయస్కాంతమయ్యే నల్లటి కోరు ఉంటుంది. మూడేసి కాళ్లున్న రెండు ముక్కలను ఎదురెదురుగా పెడితే కోరు అవుతుంది. చివరి కాళ్లు ఒకదానికొకటి తాకుతాయి. నడిమి కాళ్లను మాత్రం కావాలని అరగదీసి, మధ్యలో అర మిల్లీమీటరు గ్యాప్ వదులుతాం. కోరు అన్నది తెలుగు మాటలాగే వినిపిస్తుంది. గ్యాప్ అని మాత్రం రాయడానికి వీల్లేదు కాబట్టి, నిజాయితీగా, చక్కని తెలుగులో రాశాను:

"కోరు మధ్య ఖాళీ — 1."

ఆ దరఖాస్తును కంప్యూటర్లో ఎక్కించింది సీనియర్ సహాయకురాలు హైమవతిగారు. చాలా శ్రద్ధగల మనిషి. కంప్యూటర్లో "ఖాళీలు" అని ఒక గడి ఉంది. అందులో ఒకటి వేశారు. తప్పేముంది?

తెలుగు వాడక పక్షోత్సవం ఆదివారంతో ముగిసింది. సోమవారం "ఖాళీలు లేని మండలి" అనే మరో పక్షోత్సవం మొదలైంది. ఎన్నో ఏళ్లుగా పోస్టులు నింపలేదని ఎవరో పైన కోప్పడ్డారట. ఏ శాఖలో ఏ ఖాళీ కనిపించినా నలభై అయిదు రోజుల్లో భర్తీ చేయాలి. చేసేదాకా ఆ విభాగం పనిచేయకూడదు. ఖాళీ ఉండగా పని జరిగితే, ఆ ఖాళీ అవసరం లేదని పైవారు అనుకునే ప్రమాదం ఉంది. ఆ రెండు పక్షోత్సవాల్లో ఏ ఒక్కటే వచ్చినా నేను బతికేవాణ్ని.

మంగళవారం ఉదయం సహాయ సంచాలకులు పరాంకుశరావుగారు లక్క, కొవ్వొత్తి, ఇత్తడి ముద్ర పట్టుకుని షెడ్డుకు వచ్చారు. ఆయన ఇంట్లో మంచినీళ్లు అడిగినా "తగు నీటిని సమకూర్చవలసినది" అంటారని చెప్పుకుంటారు. నమ్మదగిన మాటే. స్విచ్చు మీద గుడ్డ చుట్టి, లక్క కరిగించి, ముద్ర వేశారు.

"సదరు యంత్రమందు ఒక ఖాళీ ఉన్నట్లు మా దృష్టికి వచ్చియున్నది," అన్నారు. "భర్తీ అగునంతవరకు నడుపరాదు."

వెంకాయమ్మ తొడిమలు తీయడం ఆపి లేచింది.

"ఖాళీ ఉంటే ఏమైద్దండీ? డబ్బా బానే నడస్తందిగా."

"అదియే అభ్యంతరము," అన్నారాయన.

ఆ సాయంత్రానికి షెడ్డులో గాలి మళ్లీ ఎర్రబడింది. మళ్లీ దగ్గు మొదలైంది. ముందు చివరి వరసలో, తరవాత వెంకాయమ్మ మూలలో.

మర్నాడు నేను మండలి ఆఫీసుకు వెళ్లాను. ఖాళీ అంటే ఆ ఖాళీ కాదని ఒక్క ముక్కలో చెప్పి వచ్చేద్దామనుకున్నాను. పరాంకుశరావుగారు కుర్చీ చూపించి, కాగితం తీసి, కలం మూత విప్పారు. కలం మూత విప్పిన ఆఫీసరు ముందు నోరు విప్పకూడదని అప్పటికి నాకు తెలియదు.

"అయ్యా, మీకు కోల్డ్ స్టోరేజీ తెలుసుగా," అన్నాను. "దానికి రెండు తలుపులు. ఒకటి సరుకు దించుకునేది, ఒకటి ఎగుమతి చేసేది. రెండూ ఒకేసారి తెరవరు. దిగుమతి తలుపు తెరిచినంతసేపూ ఎగుమతి తలుపు మూసే ఉంటుంది. ఒక్క కాయ బయటికి పోదు. దిగుమతి తలుపు మూశాకే, లోపలున్న సరుకు రెండో తలుపు గుండా బయటికి పోతుంది. నా దిమ్మెలోనూ అంతే. స్విచ్చు ఆన్‌లో ఉన్నప్పుడు శక్తి లోపలికి వస్తుంది. ఆఫ్ చేశాకే బయటికి పోతుంది. సెకనుకు నలభై వేల సార్లు ఇట్లా మూయడం, తెరవడం."

"సెకనుకు నలభై వేల సార్లు," అని రాసుకున్నారు. "సిబ్బంది ఎందరు?"

"సిబ్బంది లేరండీ. ఒక ట్రాన్సిస్టర్ ఉంటుంది. దిగుమతి వైపు లావుపాటి తీగ పది పన్నెండు చుట్లు. ఎగుమతి వైపు వెంట్రుక కంటే సన్నం తీగ, వేల చుట్లు. అందుకే లోపలికి పోయేటప్పుడు వోల్టులు తక్కువ, బయటికి వచ్చేటప్పుడు వేలు. సరుకు పెరగదు. ఎత్తు పెరిగి లావు తగ్గుతుంది, అంతే."

"మరి లోనికి వచ్చిన సరుకు బయటికి పోవునంతవరకు ఎచ్చట నిలువ ఉండును?"

మంచి ప్రశ్న. నా కొట్టుకు వచ్చే మెకానిక్కులు కూడా అంత మంచి ప్రశ్న అడగరు. ఉత్సాహం ఆపుకోలేకపోయాను.

"అక్కడే ఉందండీ కిటుకు! అంతా ఆ ఖాళీలోనే ఉంటుంది. గోడౌనుకు గోడలు ఎంత గట్టిగా ఉన్నా మూటలు గోడల్లో పెట్టలేం కదా. నడిమి ఖాళీలోనే పెట్టాలి. కోరు గోడ మాత్రమే. శక్తి నిలవుండేది ఖాళీలో. ఖాళీ లేకపోతే మొత్తం పేలిపోతుంది."

"అనగా యంత్రము యొక్క శక్తి దాదాపు యావత్తూ ఖాళీ యందే ఉన్నది."

"అంతేనండీ."

"మరొక్కసారి చెప్పుడు."

మరొక్కసారి చెప్పాను. సంతోషంగా చెప్పాను. ఆయన రాసుకుని, నా చేత సంతకం పెట్టించుకున్నారు. తరవాత కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, జాలిగా చూశారు.

"రాఘవులుగారూ, ఒకసారి నమోదైన ఖాళీ తొలగుటకు రెండే మార్గములు. భర్తీ, లేదా రద్దు. రద్దు చేయవలెనన్న ఆ ఖాళీ వలన ప్రయోజనము లేదని రుజువు కావలెను. మీరేమో యావత్తు శక్తి అందే ఉన్నదని ఇప్పుడే సంతకము చేసితిరి. ఇక మిగిలినది భర్తీ."

"అయ్యా, అది మనుషులు కూర్చునే ఖాళీ కాదండీ. గోరు పట్టనంత సందు."

"మండలిలో పోస్టు పరిమాణమునకు, పోస్టు ప్రాముఖ్యతకు సంబంధము లేదు," అన్నారు పరాంకుశరావుగారు. "అదియును గాక, ఎవరును లేనిచోట ఇంత శక్తి నిలువ ఉండుట ప్రమాదకరము. సంతకము ఎవరు పెట్టుదురు?"

నేను లేచి నమస్కారం పెట్టి వచ్చేశాను.

నలభై అయిదు రోజులు మూసి ఉంచితే సగం సీజను పోతుందని వెంకాయమ్మ ముఠాతో సహా వెళ్లి ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. ఆడవాళ్లు నినాదాలేమీ ఇవ్వలేదు. దగ్గారు. అరవై రెండు మంది వంతులవారీగా దగ్గుతుంటే మేడమీద ఫోను మాట్లాడడం వీలుకాలేదు. దాంతో పరాంకుశరావుగారు తాత్కాలిక ఏర్పాటు ఒకటి ఆలోచించారు. ఏ పోస్టైనా ఖాళీగా ఉంటే వేరే విభాగం నుంచి ఒకరిని డిప్యుటేషన్ మీద పంపడం ఆనవాయితీ. కోరు నల్లటి లోహజాతి వస్తువు కాబట్టి, అదే జాతి నుంచి ఎవరినైనా పంపాలి. రికార్డు గదిలో విరిగిన ఇనుప బీరువా ఉంది. దాని తలుపు నుంచి ఒక చిన్న ముక్క కత్తిరించి, "యంత్ర విభాగమునందు అదనపు బాధ్యతలు స్వీకరింపవలసినది" అని ఉత్తర్వు రాసి, ఆ ఉత్తర్వును ముక్కకు దారంతో కట్టి పంపించారు.

"అయ్యా, ఇది పెట్టకూడదండీ," అన్నాను. "ఖాళీలో ఇనుము పెడితే గోడౌను నిండా గోడే కట్టినట్టు. సరుకు పెట్టడానికి చోటుండదు. దిగుమతి తలుపు దగ్గర లారీలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి."

"మీరు సరఫరాదారులు. పరిపాలనలో జోక్యము వలదు."

లక్క పగలగొట్టారు. నేను మర మేకులు విప్పి ఆ ముక్క నడిమి కాళ్ల మధ్య దూర్చాను. ఆడవాళ్లందరినీ దూరంగా నిలబడమన్నాను. పరాంకుశరావుగారు ప్రారంభకులుగా దగ్గరే నిలబడ్డారు. స్విచ్చు వేశారు.

ఒక్క క్షణం సన్నగా ఈల వినిపించింది. తరవాత ట్రాన్సిస్టర్ టపాసులా పేలింది. డబ్బా తలుపు తెరుచుకుంది. అన్నాళ్లూ రేకుల మీద పేరుకుని, నేను ఇంకా తుడవని మిరప దుమ్ము మొత్తం ఒక్కసారి పైకి లేచి పరాంకుశరావుగారి మీద పడింది. ఆయన పన్నెండుసార్లు తుమ్మారు. లెక్కపెట్టింది వెంకాయమ్మ.

"నీళ్లు! నీళ్లు!" అన్నారాయన. మామూలు తెలుగులోనే.

"ఇయ్యిగోండి," అని చెంబు అందించింది ఆమె. "కళ్లు నలపబాకండి, ఇంకా మండుద్ది. ఊపిరి నోటితో తీసుకోండి. అయినా మీకు పన్నెండే గదండీ. నేను ఇరవై నాలుగేళ్ల నించి తీసుకుంటన్నా."

ఈ సంఘటన మీద విచారణ జరిగింది. డిప్యుటేషన్ మీద వచ్చిన సిబ్బందికి ఆ పదవికి తగిన అర్హతలు లేకపోవడమే ప్రమాదానికి కారణమని తేలింది. బీరువా ముక్కను మాతృసంస్థకు తిప్పి పంపారు. శాశ్వత ప్రాతిపదికన, అర్హులైన అభ్యర్థి చేతనే ఖాళీ భర్తీ చేయాలని తీర్మానించారు. నేను ట్రాన్సిస్టర్ మార్చి పెట్టాను. దాని మీద మళ్లీ లక్క వేశారు.

ప్రకటన పేపర్లో వచ్చింది. పోస్టు పేరు: కోరు మధ్యస్థ ఖాళీ నిర్వాహకులు. పోస్టుల సంఖ్య: ఒకటి. విద్యార్హత: ఎనిమిదో తరగతి, ఆపైన ఏదైనా. శారీరక ప్రమాణాలు: అభ్యర్థి మందం అర మిల్లీమీటరుకు మించరాదు. ఈ చివరి షరతు మీద అభ్యంతరాలు వెల్లువెత్తాయి. మూడో రోజు సవరణ వచ్చింది: ఎంపికైన అభ్యర్థులు ఆరు నెలల్లోగా నిర్ణీత మందం సాధించవలెను. ఇక దరఖాస్తులకు అడ్డు లేదు. డిగ్రీలు చదివినవాళ్లు, పెద్ద డిగ్రీలు చదివినవాళ్లు, మందం తగ్గించే వ్యాయామాలు మొదలుపెట్టినవాళ్లు, అందరూ వరసలో నిలబడ్డారు.

ఇక్కడ నాకు కలిగిన లాభం చెప్పకపోతే నేను చెప్పేదంతా సగం లెక్కే అవుతుంది. పాత బస్టాండు చుట్టూ నెల తిరక్కుండా తొమ్మిది కోచింగ్ సెంటర్లు వెలిశాయి. ప్రతి సెంటర్లోనూ చూపించడానికి ఒక ఫ్లైబ్యాక్ దిమ్మె కావాలి. నా గోడౌనులో బూజు పట్టిన పాత టీవీ సరుకంతా పదిహేను రోజుల్లో పోయింది. పిల్లలు వీధిలో నడుస్తూ "ఆన్‌లో నిలవ, ఆఫ్‌లో విడుదల" అని వల్లెవేసేవారు. ఇన్నాళ్లకు నా విద్యకు గౌరవం దక్కిందని నేను కూడా కొంచెం పొంగిపోయాను.

వెంకాయమ్మ ఆ సమయంలోనే కొట్టుకు వచ్చింది. రెండు మెట్లు ఎక్కి మూడో మెట్టు మీద ఆగింది, ఊపిరికి.

"మా డబ్బా మూశారు. మీ కొట్టు తెరుచుకుంది," అంది. "బాగుంది శెట్టిగారూ."

"నేనేం చేసేది వెంకాయమ్మా? సరుకు అడిగారు, ఇచ్చాను."

"ఇయ్యండి. నేనొద్దన్నానా? ఆ ఖాళీ అనే మాట గూడా మీరే ఇచ్చారంటగా. దానికి గ్యారంటీ లేదా?"

నేను తలదించుకుని స్క్రూ డ్రైవర్లు సర్దాను. నాలుగు దశాబ్దాలుగా బేరగాళ్లు నన్ను దొంగ అన్నారు, పిసినారి అన్నారు. ఎప్పుడూ పట్టించుకోలేదు. ఈ మాట మాత్రం తగిలింది. నా సరుకు బాగానే ఉంది. నా మాటలోనే రిపేరు ఉంది.

"నువ్వు ఎన్నో తరగతి చదివావు?" అన్నాను.

"ఎనిమిది. ఎందుకు?"

"దరఖాస్తు పెట్టు."

"నేనా? ఆ సందులోకా?" అని నవ్వబోయి దగ్గింది. చాలాసేపు దగ్గింది. తరవాత కొంగుతో మూతి తుడుచుకుని, "కాయితం ఇయ్యండి," అంది.

గడువు ముగియడానికి పావుగంట ముందు ఆమె దరఖాస్తు ఇచ్చి వచ్చింది. అదే కలిసొచ్చింది. రాతపరీక్ష ప్రశ్నపత్రం రెండుసార్లు ముందే బయటపడడంతో పరీక్ష రద్దుచేసి, నేరుగా ఇంటర్వ్యూలు పెట్టారు. పద్నాలుగు వేల దరఖాస్తులు చదవడం మనుషుల వల్ల కాదు కాబట్టి గుట్ట పైనున్న ఇరవై దరఖాస్తులు తీసుకున్నారు. అన్నిటికంటే పైన ఉన్నది వెంకాయమ్మది.

ఇంటర్వ్యూకు మండలి అధ్యక్షులవారే వచ్చారు. పక్కన పరాంకుశరావుగారు. విషయ నిపుణుడి హోదాలో నన్ను ఒక మూల కూర్చోబెట్టారు. అందరికీ ఒకటే ప్రశ్న: "మిమ్మల్ని ఈ ఖాళీలో నియమించినచో మీరేమి చేయుదురు?"

మొదటి అభ్యర్థి ఖాళీని కంప్యూటరీకరిస్తానన్నాడు. ఒకమ్మాయి ఖాళీలో సౌరఫలకాలు బిగిస్తానంది. ఇంకొకతను సెకనుకు నలభై వేల సార్లు జరిగే పనిని క్రమశిక్షణతో ఎనభై వేలకు పెంచుతానన్నాడు. ఒక పెద్దమనిషి ఖాళీని మరో ఆరు మిల్లీమీటర్లు విస్తరించి, ఉపశాఖలు తెరిచి, ప్రతి ఉపశాఖకూ ఒక ఇన్‌చార్జిని పెడతానన్నాడు. అధ్యక్షులవారికి అతని మాటలు చాలా నచ్చాయి. నా దిమ్మెకు మాత్రం వీళ్లలో ఎవరు చేరినా ప్రమాదమే.

చివరగా వెంకాయమ్మ వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది. కుర్చీలో అంచున కూర్చుంది.

"మీరేమి చేయుదురు?"

"ఏమీ జెయ్యనండీ."

అధ్యక్షులవారు కాగితం మీంచి తల ఎత్తారు.

"ఏమియు చేయరా?"

"చెయ్యనండీ. ముట్టుకోను గూడా ముట్టుకోను. ఆ సందులో ఎవరన్నా ఏదన్నా చేస్తేనే డబ్బా పేలుద్ది. సారుకు తెలుసుగా," అని పరాంకుశరావుగారి వైపు చూపించింది. ఆయన అప్రయత్నంగా ముక్కు తడుముకున్నారు. "ఊరికే ఉండాలండీ. దాని పని అది చేసుకుంటది."

అధ్యక్షులవారు ముందుకు వంగారు. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు ఆయన ముఖంలో కదిలింది.

"ఎంతకాలము అటులుండగలరు?"

"తీసేసిందాకా ఉంటానండీ."

"పంతొమ్మిది మందిలో ఒక్కరికి కూడా పదవి స్వభావము అర్థము కాలేదు," అన్నారు అధ్యక్షులవారు పరాంకుశరావుగారితో. "పరిపాలనానుభవము లేని వ్యక్తి నుండి ఇంత పరిణతి నేనెన్నడూ చూడలేదు." విషయ నిపుణుడిగా నా అభిప్రాయం అడిగారు. సాంకేతికంగా సరైన జవాబు ఆమె ఒక్కతే చెప్పిందన్నాను. నిపుణుణ్నయ్యాక నేను చెప్పిన నిజం అదొక్కటే, అదీ ఎవరికీ అభ్యంతరం లేని నిజం.

నియామకపు ఉత్తర్వు వారం రోజుల్లో వచ్చింది. దానితో పాటే కొత్త చిక్కు కూడా వచ్చింది. ఉద్యోగి తనకు కేటాయించిన స్థలంలోనే విధుల్లో చేరాలి. వెంకాయమ్మకు కేటాయించిన స్థలం రూపాయి బిళ్లంత వైశాల్యం, అర మిల్లీమీటరు మందం. సవరణ ప్రకారం మందం తగ్గడానికి ఆరు నెలల గడువుంది. అంతవరకు ఆమె చేరడానికి వీల్లేదు. చేరనంతవరకు ఖాళీ భర్తీ కాలేదు. భర్తీ కానంతవరకు లక్క తీయరు. సీజను ఇంకా రెండు నెలలే ఉంది.

ఆ రోజు నేను షెడ్డుకు వెళ్లాను. వెంకాయమ్మ మూలలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చేతిలో మిరపకాయ ఉంది. తొడిమ తీయడం లేదు. మాట్లాడడానికి కూడా ఊపిరి చాలడం లేదు. ఒళ్లో ఉత్తర్వు పెట్టుకుని, దానితో విసురుకుంటోంది.

నేను ఆ ఉత్తర్వు వైపు చూశాను. తరవాత లక్క వేసిన డబ్బా వైపు చూశాను. మళ్లీ ఉత్తర్వు వైపు చూశాను. ఇన్నాళ్లూ నేను ఆ ఖాళీని గాలితో నింపాను. మా చిన్నప్పుడు దిమ్మెలు చుట్టిన మేస్త్రీలు గాలి వదిలేవారు కాదు. ముక్కలు కదలకుండా మధ్యలో కాగితం పెట్టేవారు. అయస్కాంతానికి కాగితమూ గాలీ ఒకటే. రెండిటినీ అది మనిషిగా లెక్కచేయదు.

అదే నిమిషంలో ఆఫీసుకు వెళ్లాను.

"అయ్యా," అన్నాను, "ఆమె కాగితం మీద చేరవచ్చా?"

పరాంకుశరావుగారు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు.

"ముందే చెప్పవలసినది కదా! మండలిలో అత్యధికులు అటులనే చేరియున్నారు."

నియామకపు ఉత్తర్వు ఒక కాగితం. దానికి జతపరచినవి నాలుగు: వయసు ధ్రువపత్రం, ఆరోగ్య ధ్రువపత్రం, ప్రతిజ్ఞాపత్రం, విధుల జాబితా. ఆమె విధి ఏమీ చేయకపోవడం కాబట్టి విధుల జాబితా తెల్లకాగితం. అసలు పత్రాలు కత్తిరించకూడదన్నారు. నకళ్లు తీసి, అయిదింటి మీదా పరాంకుశరావుగారు సంతకం పెట్టి, ముద్రలు వేశారు. నేను అయిదింటినీ దొంతరగా పెట్టి, నడిమి కాలు కొలతకు గుండ్రంగా కత్తిరించాను. ఉత్తర్వులో "వెంకాయమ్మ" అన్న పేరు తెగిపోకుండా చూశాను. కొలిస్తే ఆ దొంతర సరిగ్గా అర మిల్లీమీటరు వచ్చింది. వెంట్రుకవాసి తక్కువ ఉండాల్సింది, ముద్రల సిరాతో సరిపోయింది.

కోరు విప్పి, కాగితాల బిళ్లను నడిమి కాళ్ల మధ్య పెట్టి, బిగించాను. "నేటి పూర్వాహ్నము విధులలో చేరితిని" అని వెంకాయమ్మ చేత రాయించుకున్నారు. లక్క పగలగొట్టారు. ఈసారి పరాంకుశరావుగారు షెడ్డు అవతల, రోడ్డు దాటి, టీ బడ్డీ వెనక నిలబడ్డారు. వెంకాయమ్మే స్విచ్చు వేసింది.

ఏమీ పేలలేదు. ఫ్యాను తిరిగింది. గాలి రంగు ముందు పలచబడింది. మధ్యాహ్నానికి షెడ్డు ఆ చివర ఉన్న కిటికీ కనిపించింది.

సాయంత్రం తెల్లరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని పరాంకుశరావుగారు తనిఖీకి వచ్చారు. స్విచ్చు కట్టేసి, రేకులు బయటికి లాగి చూపించాను. వెంకాయమ్మ అట్టముక్కతో వాటిని గీసింది. దోసెడు ఎర్రటి దుమ్ము, పిండికంటే మెత్తగా, ఆమె చేతుల్లోకి రాలింది.

"ఇదేమి?" అన్నారాయన, వెనక్కి జరుగుతూ.

"ఇదాండీ?" అంది వెంకాయమ్మ. "ఇన్నేళ్లూ ఇది మా గుండెల్లో చేరేదండీ. ఏ ఆర్డరూ లేకుండానే."

ఆయన దానికేమీ రాసుకోలేదు. కలం మూత తీయలేదు. వెనక్కి తిరిగి వెళ్లిపోయారు.

ఆ నెల నివేదికలో "ఖాళీలు: సున్నా" అని రాసి పంపారు. మండలికి మెచ్చుకోలు పత్రం వచ్చింది. వెంకాయమ్మ జీతం సంగతి వేరే ఫైలు. అది ఇంకా నడుస్తోందట. ఈమధ్య మండలివారు చుట్టుపక్కల ఊళ్లలోని తమ పదకొండు షెడ్లకూ అదే యంత్రం కావాలన్నారు. మళ్లీ దరఖాస్తు, మళ్లీ పదిహేడో అంశం. హైమవతిగారు కీబోర్డు మీద వేళ్లు పెట్టి, భయంభయంగా నా వైపు చూశారు.

"కోరు మధ్య ఏం వేయమంటారు రాఘవులుగారూ?"

"కాగితాలు, అయిదు," అన్నాను.

అదే రోజు మంజూరు అయింది. ఆ ఆఫీసులో కాగితాలకు అభ్యంతరం చెప్పినవాళ్లు ఇంతవరకు లేరు.

నిన్న కొత్త డబ్బా బిగించడానికి వెళ్తూ పాత షెడ్డు ముందు ఆగాను. మధ్యాహ్నం భోజనాల వేళ. వెంకాయమ్మ క్యారేజీ మూతలో ఒక ముద్ద కలిపి నా చేతికిచ్చింది. తిన్నాను. ఉప్పు సరిగ్గా సరిపోయింది.